కొరియా కారు పెనుకొండలో ఎందుకు తయారవుతోంది?

బెంగళూరు నుంచి హైదరాబాద్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద పెనుకొండ దాటుతుంటే రోడ్డు పక్కన కొరియన్ అక్షరాల బోర్డులు కనిపిస్తాయి. వాన కోసం ఎదురుచూసి, అది రాక వేరుశెనగ ఎండిపోతే ఇంటికి తాళం వేసి బెంగళూరుకు వలసపోవడం తరతరాలుగా అలవాటైన ప్రాంతమిది. ఇక్కడి ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. దక్షిణ కొరియాలో ఆ కంపెనీకి హ్వాసాంగ్, గ్వాంగ్జు లాంటి చోట్ల పెద్ద ఫ్యాక్టరీలు ఉన్నాయి. కార్లను ఓడల్లోకి ఎక్కించి ప్రపంచమంతా పంపడం ఆ దేశానికి దశాబ్దాల నుంచి వచ్చిన విద్య. అయినా 110 కోట్ల డాలర్లు పెట్టి, సముద్రానికి ఇంత దూరంగా ఉన్న రాయలసీమ నేలలో ఫ్యాక్టరీ కట్టింది. ఎందుకు?

చాలామంది చెప్పే జవాబు ఒకటే: ఇక్కడ జీతాలు తక్కువ. అది అబద్ధమేమీ కాదు. కానీ కారు విషయంలో అసలు సంగతి అది కాదు. కారు తయారీలో డబ్బు ఎక్కువగా పోయేది ఉక్కుకు, ఇంజిన్‌కు, ఎలక్ట్రానిక్స్‌కు, వందల కంపెనీల నుంచి కొనే విడిభాగాలకు. లైన్‌లో నిలబడి వాటిని బిగించే మనిషి జీతం ఆ లెక్కలో చిన్న వాటా. పైగా బాడీ వెల్డింగ్ చాలావరకు రోబోలే చేసేస్తాయి. ఒక్క జీతాల కోసమే అయితే ఒక కార్ల కంపెనీ ఇంత దూరం రానక్కర్లేదు.

అసలు కారణం ఓడరేవు గేటు దగ్గర ఉంది. కియా ఈ నిర్ణయం ప్రకటించిన 2017లో, పూర్తిగా తయారైన కొత్త కారును విదేశం నుంచి తెస్తే మన దేశం ధరను బట్టి 60 శాతం నుంచి 100 శాతం దాకా దిగుమతి సుంకం వేసేది. అంటే పది లక్షల కారు ఓడ దిగేసరికే పదహారు లక్షలు. దాని మీద ఇక్కడి పన్నులు, రిజిస్ట్రేషన్ వేరే. మారుతి, హ్యుందాయ్ షోరూముల పక్కన ఆ ధర చెబితే లోపలికి వచ్చేవాళ్లే ఉండరు. అదే కారును ఇక్కడ తయారు చేస్తే ఆ భారం ఉండదు. కొరియా నుంచి కొన్ని భాగాలు తెచ్చుకున్నా, 2010లో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా వాణిజ్య ఒప్పందం వల్ల చాలా విడిభాగాల మీద సుంకం తక్కువే. సరుకును ఆపడానికి దేశం గోడ కట్టింది. కంపెనీ ఆ గోడ లోపలికి వచ్చి ఇల్లు కట్టుకుంది.

గోడ ఒక్కటే ఉంటే చాలదు, లోపల కొనేవాళ్లు ఉండాలి. కొరియా జనాభా ఐదు కోట్ల చిల్లర. అక్కడ ఏడాదికి అమ్ముడుపోయే కార్లు 17 లక్షల చుట్టూ ఉంటే, 2019లో ఆ దేశం తయారు చేసినవి దాదాపు 40 లక్షలు. ఇంట్లో తినగలిగినదానికి రెట్టింపు వండే ఇల్లది. జనాభా పెరగడం లేదు కాబట్టి కొత్త గిరాకీ ఇంట్లో పుట్టదు. మన దేశంలో 2024-25లో అమ్ముడైన కార్లు, జీపులు, వ్యాన్లు 43 లక్షలకు దగ్గరగా ఉన్నాయి. తొలి కారు కొనే కుటుంబాలు ఇంకా కోట్లలో మిగిలి ఉన్నాయి. కొనేవాడు ఉన్న చోటికి తయారుచేసేవాడు రావడం వ్యాపారంలో అన్నిటికంటే పాత సూత్రం.

సరే, మన దేశంలో ఇన్ని ఊళ్లుండగా పెనుకొండ ఎందుకు? ఇక్కడ రాయితీల మాట వస్తుంది. భూమి, నీళ్లు, పన్ను మినహాయింపులు ఇస్తామని రాష్ట్రాలు పోటీపడ్డాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐదు వందల ఎకరాలకు పైగా భూమి సిద్ధం చేసింది. హంద్రీ-నీవా పథకంలోని గొల్లపల్లి రిజర్వాయర్ నుంచి నీళ్లిచ్చింది. ఇవన్నీ పని చేశాయి. కానీ వీటి వెనక ఇంకో పెద్ద కారణం ఉంది. కియా, హ్యుందాయ్ ఒకే గ్రూపు కంపెనీలు. హ్యుందాయ్ 1998 నుంచి చెన్నై పక్కన శ్రీపెరంబుదూర్‌లో కార్లు తయారు చేస్తోంది. దాని చుట్టూ సీట్లు, లైట్లు, బ్రేకులు, డ్యాష్‌బోర్డులు సరఫరా చేసే కంపెనీలు ఇరవై ఏళ్లుగా వేళ్లూనుకున్నాయి. అక్కడ సాయంత్రం బయల్దేరిన లారీ తెల్లారేసరికి పెనుకొండ చేరుతుంది. ఉత్తరాన ఏదో రాష్ట్రం భూమి ఉచితంగా ఇచ్చినా ఈ సౌకర్యం ఇవ్వలేదు. రాయితీలు ఫ్యాక్టరీని ఒక దేశానికి రప్పించవు. ఎలాగూ వస్తున్న ఫ్యాక్టరీ పక్కపక్కనున్న రెండు రాష్ట్రాల్లో దేనికి వెళ్లాలో మాత్రమే అవి తేలుస్తాయి. ప్రతి కొత్త ప్లాంటు ప్రకటన వచ్చినప్పుడు ఆ ఘనత ఎవరిదని మన దగ్గర జరిగే గొడవలో ఈ చిన్న నిజం కనిపించకుండా పోతుంది.

ఇదేమీ కొత్త ఎత్తు కాదు. 1970ల చివర్లో చమురు ధరలు పెరిగి అమెరికన్లు చిన్న జపాన్ కార్ల వైపు మళ్లారు. అమెరికా కార్ల నగరం డెట్రాయిట్‌లో కార్మికులు రోడ్డున పడ్డారు. అమెరికా ఒత్తిడి మీద 1981లో జపాన్ తనకు తానే ఒక హద్దు పెట్టుకుంది: ఏడాదికి 16.8 లక్షల కార్లకు మించి అమెరికాకు పంపనని. ఓడలో పంపడానికి లెక్క ఉంది, అక్కడే తయారు చేయడానికి లెక్క లేదు. 1982 నవంబరులో ఒహాయో రాష్ట్రంలోని మేరీస్‌విల్‌లో హోండా అకార్డ్ లైన్ మొదలైంది. మరుసటి ఏడాది టెనెసీలో నిస్సాన్, 1988లో కెంటకీలో టొయోటా. ఒహాయోలో జీతాలు జపాన్ కంటే తక్కువేమీ కాదు. చౌక కూలి కథ ఇక్కడ పూర్తిగా విఫలమవుతుంది.

మధ్యలో ఇంకో దెబ్బ తగిలింది. 1985 సెప్టెంబరులో న్యూయార్క్ ప్లాజా హోటల్‌లో ఐదు దేశాల ఆర్థిక మంత్రులు డాలర్ విలువ తగ్గించాలని ఒప్పందం చేసుకున్నారు. అప్పటికి డాలర్‌కు 240 యెన్ల చుట్టూ ఉన్న మారకం రెండేళ్లు దాటేసరికి దాదాపు సగానికి పడిపోయింది. జపాన్‌లో తయారైన ప్రతి వస్తువూ అమెరికన్‌కు ఒక్కసారిగా ఖరీదైపోయింది. ఫ్యాక్టరీలో ఎవరూ ఏ తప్పూ చేయలేదు, జీతాలు పెంచలేదు, నాణ్యత తగ్గలేదు. అయినా లాభం ఆవిరైంది. అప్పటినుంచి జపాన్ కంపెనీలు థాయ్‌లాండ్, మలేసియాలకు వరుస కట్టాయి. అమ్మే దేశపు డబ్బులోనే ఖర్చు కూడా పెడితే మారకం రేటు టెన్షన్ తగ్గుతుందని వాళ్లకు అనుభవంతో తెలిసింది. ఫ్యాక్టరీలు వెళ్లిపోయి దేశం లోపల బోలుగా మారడానికి జపాన్ భాషలో ఒక మాటే పుట్టింది: కుదోకా. బోలుతనం అని అర్థం.

కారును వదిలి చొక్కా దగ్గరికి వస్తే లెక్క మొత్తం తిరగబడుతుంది. గుడ్డను కత్తిరించడానికి యంత్రాలొచ్చాయి గానీ, మెత్తటి బట్టను పట్టుకుని వంపు తిప్పుతూ కుట్టే పనిని యంత్రం ఇంకా సరిగ్గా నేర్వలేదు. ప్రతి మిషన్ ముందూ ఒక మనిషి కూర్చోవాలి. కాబట్టి ఇక్కడ జీతం నిజంగానే నిర్ణయిస్తుంది. మిషన్లు తేలిక, షెడ్డు చాలు, విప్పి పక్క దేశంలో బిగించడానికి ఎక్కువ రోజులు పట్టదు. అందుకే కుట్టు పని జపాన్ నుంచి కొరియా, తైవాన్, హాంకాంగ్‌లకు, అక్కడి నుంచి చైనాకు, ఇప్పుడు బంగ్లాదేశ్, వియత్నాం, కాంబోడియాలకు నడుచుకుంటూ పోయింది.

విశాఖ దగ్గర అచ్యుతాపురంలో వెయ్యి ఎకరాల్లో ఉన్న బ్రాండిక్స్ అపారెల్ సిటీ ఈ నడకలో ఒక మజిలీ. బ్రాండిక్స్ శ్రీలంక కంపెనీ. శ్రీలంక చిన్న దేశం, చదువు ఎక్కువ, కుట్టు మిషన్ ముందు కూర్చోవడానికి ముందుకొచ్చే అమ్మాయిలు అక్కడ తగ్గుతూ వచ్చారు. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వేలమంది మహిళలు కంపెనీ బస్సులెక్కి ఇక్కడ షిఫ్టుకు వస్తున్నారు. ఆ జీతం ఎన్నో ఇళ్లలో పిల్లల ఫీజులు కడుతోంది, ఇది తక్కువ సంగతి కాదు. అదే సమయంలో 2022లో ఈ ప్రాంగణంలోనే రెండుసార్లు విషవాయువు పీల్చి వందలమంది ఆస్పత్రి పాలయ్యారు. 2013లో ఢాకా దగ్గర రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. చొక్కా మీద రూపాయి మిగుల్చుకోవడానికి దేశాలు దాటే పరిశ్రమ, ఆ రూపాయి కోసం భద్రత మీద కూడా కోత పెడుతుందన్న భయం ఎప్పుడూ ఉంటుంది. విదేశాల్లో ఫ్యాక్టరీ అంటే కొన్నిసార్లు స్వదేశంలో ఒప్పుకోని ప్రమాదాన్ని ఇంకొకరి ఊళ్లో పెట్టడం. దీన్ని ఖర్చుల పట్టికలో ఒక వరుసగా చూసి ఊరుకోవడం న్యాయం కాదు.

చొక్కా ఇంత దూరం తిరగగలగడానికి రవాణా ఖర్చు దాదాపు లేకుండా పోవడమే ఆధారం. 1956లో మాల్కమ్ మెక్‌లీన్ అనే అమెరికన్ లారీల వ్యాపారి 58 ఇనుప పెట్టెలను ఒక ఓడ మీద పెట్టి న్యూజెర్సీ నుంచి టెక్సస్‌కు పంపాడు. అప్పటిదాకా బస్తాలు మోసి ఓడ నింపడానికి టన్నుకు ఐదు డాలర్లకు పైగా అయ్యే ఖర్చు, కంటైనర్‌తో పదహారు సెంట్లకు దిగిందని అప్పటి లెక్క. బరువెక్కువ, విలువ తక్కువ ఉన్న సిమెంటు, ఇటుక, కూల్‌డ్రింకులు మాత్రం ఇప్పటికీ వాడే చోటికి దగ్గర్లోనే తయారవుతాయి.

ఫోను సంగతి వేరు. అది చొక్కాలా జీతం వెంట పోదు, కారులా కొనేవాడి వెంట కూడా పూర్తిగా పోదు. విడిభాగాల వెంట పోతుంది. 1980లో చైనా షెన్‌జెన్‌ను ప్రత్యేక ఆర్థిక మండలి చేసినప్పుడు మొదట ఆకర్షించింది చౌక కూలే. కానీ నలభై ఏళ్లలో ఆ నగరం చుట్టూ స్క్రూ నుంచి స్క్రీన్ దాకా అన్నీ తయారుచేసేవాళ్లు చేరారు. ఇవాళ డిజైన్‌లో చిన్న మార్పు చేస్తే రేపటికి కొత్త మౌల్డ్, అంటే భాగాలను పోత పోసే అచ్చు, చేసిచ్చే టూల్ రూములు అక్కడ వీధి వీధికీ ఉన్నాయి. చైనా జీతాలు వియత్నాం కంటే, మన కంటే ఎప్పుడో పెరిగిపోయాయి. అయినా ఫ్యాక్టరీలు అంత సులువుగా కదలకపోవడానికి కారణం ఇదే. 2013లో ఆపిల్ ఒక ఖరీదైన కంప్యూటర్‌ను అమెరికాలోనే, టెక్సస్‌లో తయారు చేయించాలనుకుంది. డబ్బుకు కొదవ లేదు. చిక్కుపడి నెలల తరబడి ఆలస్యమైంది స్క్రూల దగ్గర: కావాల్సిన కొలతలో చిన్న స్క్రూలను కావాల్సినన్ని, కావాల్సిన వేగంతో చేసిచ్చే షాపు చుట్టుపక్కల దొరకలేదు. అందుబాటులో ఉన్న చిన్న వర్క్‌షాపు రోజుకు వెయ్యికి మించి చేయలేకపోయింది. అంత సంపన్న దేశం స్క్రూ దగ్గర తడబడిందంటే, దశాబ్దాల కిందట చిన్న చిన్న వర్క్‌షాపులు ఒక్కొక్కటీ మూతపడుతున్నప్పుడు ఎవరూ పట్టించుకోకపోవడమే కారణం. పెద్ద ఫ్యాక్టరీ మూతపడితే వార్త అవుతుంది. నలుగురు పనిచేసే లేత్ షాపు మూతపడితే కాదు.

మన దగ్గర ఫోన్ల కథలోనూ మళ్లీ సుంకం గోడే వస్తుంది. 2015లో తైవాన్ కంపెనీ ఫాక్స్‌కాన్ ఆంధ్రలోని శ్రీసిటీ పారిశ్రామిక వాడలో షియోమి ఫోన్లు బిగించడం మొదలుపెట్టింది. 2017లో కేంద్రం ఫోన్ల దిగుమతి మీద 10 శాతం సుంకం వేసింది. అదే ఏడాది డిసెంబరులో 15, 2018 ఫిబ్రవరిలో 20 శాతం చేసింది. 2020లో తయారీకి ప్రోత్సాహకాలు తోడయ్యాయి. అమెరికా-చైనా గొడవలు, కోవిడ్ కాలంలో చైనా ఫ్యాక్టరీలు ఆగిపోవడం చూసి గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టకూడదని కంపెనీలకూ అనిపించింది. ఇప్పుడు రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో ఆపిల్ ఇయర్‌ఫోన్లు ఎయిర్‌పాడ్స్ తయారవుతున్నాయి. కానీ లోపలి చిప్పులు, స్క్రీన్లు లాంటి ఖరీదైన భాగాల్లో చాలావరకు ఇంకా దిగుమతే. బిగించడం మనది, విలువలో పెద్ద భాగం వేరేవాళ్లది.

ఏసీలదీ ఇదే దారి. 2020 అక్టోబరులో, గ్యాస్ నింపిన ఏసీల దిగుమతిని ప్రభుత్వం నిషేధించింది. మూడేళ్లు తిరిగేసరికి శ్రీసిటీలో జపాన్ డైకిన్ ప్లాంటు మొదలైంది. మన బ్లూస్టార్, హావెల్స్ కూడా అక్కడికే వచ్చాయి. చెన్నై, కృష్ణపట్నం పోర్టులు దగ్గర, దక్షిణాది ఎండలు ఎటూ ఉన్నాయి.

ఇంతకీ మన కంపెనీలు కూడా బయటికి పోతున్నాయన్నది ఈ చర్చలో గుర్తురాదు. హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ 2005లో మెక్సికోలోని క్వెర్నవాకాలో రోష్ కంపెనీ నుంచి మందుల ముడిసరుకు ఫ్యాక్టరీ కొన్నది. 2008లో అమెరికాలోని లూసియానా రాష్ట్రం ష్రీవ్‌పోర్ట్‌లో మరో ప్లాంటు తీసుకుంది. హైదరాబాద్ పక్కన బాచుపల్లిలో కంటే లూసియానాలో జీతాలు ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా అమెరికాలో మత్తు లక్షణమున్న నొప్పి మందుల లాంటివాటి దిగుమతి మీద కఠిన నియంత్రణలు ఉన్నాయి. అలాంటి మార్కెట్లో అక్కడే ఒక ప్లాంటు ఉండటం, కొనే ఆస్పత్రులకూ పంపిణీదారులకూ దగ్గరగా ఉండటం పెద్ద బలం. హోండా ఒహాయో వెళ్లడానికీ, హైదరాబాద్ కంపెనీ లూసియానా వెళ్లడానికీ మధ్య పెద్ద తేడా లేదు.

ఫ్యాక్టరీ ఎందుకొచ్చిందో తెలిస్తే ఎంతకాలం ఉంటుందో చాలావరకు తెలిసిపోతుంది. ఉద్యోగాల సంఖ్య, పెట్టుబడి కోట్లు అందరూ అడుగుతారు. వచ్చిన కారణం మాత్రం అడగరు. జీతం కోసం వచ్చినది జీతాలు పెరిగాక పోతుంది. కొరియా 1970లో మసాన్‌లో ఎగుమతి మండలి పెడితే జపాన్ కంపెనీలు వచ్చి రేడియోలు, విడిభాగాలు చేశాయి. 1987 తర్వాత కార్మిక సంఘాలు బలపడి జీతాలు పెరిగాక వాటిలో చాలా సర్దుకుని వెళ్లిపోయాయి. కొనేవాళ్ల కోసం వచ్చినది కొనేవాళ్లు దొరక్కపోతే పోతుంది. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. పదేళ్లలో 200 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చిందని చెప్పింది. చెన్నై, గుజరాత్‌లోని సాణంద్ ప్లాంట్లు చక్కగా ఉన్నాయి, కార్మికులు నేర్పరులు, రాయితీలూ అందాయి. లేనిది గిరాకీ ఒక్కటే. శ్రీపెరంబుదూర్‌లో నోకియా 2006లో మొదలుపెట్టి, చుట్టుపక్కల పల్లెల అమ్మాయిలకు వేల ఉద్యోగాలిచ్చి, 2014 నవంబరులో మూతపడింది. పన్ను వివాదం ఒక పక్క, ప్రపంచమంతా ఆ ఫోన్లను వదిలేయడం ఇంకో పక్క.

మరి సుంకం కోసం వచ్చినది? సుంకం ఉన్నంతకాలం ఉంటుంది. ఆలోగా దాని చుట్టూ విడిభాగాలవాళ్లు స్థిరపడితే, గోడ తీసేసినా కదలదు. 2023 జులైకి పెనుకొండ ప్లాంటు నుంచి పది లక్షల కార్లు బయటికొచ్చాయి, విదేశాలకూ ఎగుమతి అవుతున్నాయి. విడిభాగాలు చేసే మోబిస్ లాంటి అనుబంధ కంపెనీలు పక్కనే వెలిశాయి. వాటిలో ఎక్కువ కొరియా నుంచి వెంట వచ్చినవే. హిందూపురం, అనంతపురం వాళ్లు పెట్టిన టూల్ రూము నుంచి డై (లోహాన్ని ఆకారంలోకి నొక్కే అచ్చు), స్థానిక వర్క్‌షాపు నుంచి బ్రాకెట్ ఆ లైన్‌లోకి ఎంత ఎక్కువగా చేరితే ఫ్యాక్టరీ వేళ్లు అంత లోతుకు దిగుతాయి. రాష్ట్ర ప్రభుత్వాలు భూమి ఇవ్వడంలో చూపిన శ్రద్ధలో సగమైనా ఐటీఐల మీద, చిన్న వర్క్‌షాపులకు అప్పు దొరకడం మీద చూపాలి.

నేర్పరితనం విలువేమిటో 2025 సెప్టెంబరులో అమెరికాలోనే బయటపడింది. సుంకాలు పెంచి, ఫ్యాక్టరీలు మా దేశంలో కట్టండని పిలిచింది వాళ్లే. జార్జియా రాష్ట్రంలో హ్యుందాయ్, ఎల్‌జీ కలిసి కడుతున్న బ్యాటరీ ప్లాంటులో వలస అధికారులు సోదా చేసి 475 మందిని పట్టుకున్నారు. వాళ్లలో 300 మందికి పైగా కొరియన్లు. యంత్రాలు బిగించి నడపడం తెలిసినవాళ్లు విమానమెక్కి వెళ్లిపోయాక పని నిలిచింది. డబ్బు, భూమి, సుంకం అన్నీ ఉన్నాయి, బిగించే చేతులు లేవు.

ఆ చేతులు ఒక దేశంలో ఎలా తయారవుతాయో బంగ్లాదేశ్ చూపించింది. 1970ల్లో సంపన్న దేశాలు ఒక్కో దేశం నుంచి ఎన్ని బట్టలు దిగుమతి చేసుకోవాలో కోటాలు పెట్టాయి. కొరియా కోటా నిండిపోయింది. దేవూ అనే కొరియా కంపెనీ, కోటా అడ్డు లేని దేశం కోసం వెతికి, 1978లో బంగ్లాదేశ్‌లోని దేశ్ గార్మెంట్స్‌తో ఒప్పందం చేసుకుంది. మరుసటి ఏడాది దేశ్ గార్మెంట్స్ సుమారు 130 మందిని కొరియాలోని పుసాన్ ఫ్యాక్టరీకి ఆరు నెలల శిక్షణకు పంపింది. కత్తిరింపు, కుట్టు, లైన్ నడిపించడం, విదేశీ కొనుగోలుదారుతో మాట్లాడటం, బ్యాంకు కాగితాలు, అన్నీ నేర్చుకుని వచ్చారు. కొన్నేళ్లలోనే వాళ్లలో 115 మంది దేశ్‌ను వదిలి వెళ్లారు. కొందరు సొంతంగా ఫ్యాక్టరీలు పెట్టారు, మిగిలినవాళ్లు కొత్తగా పుట్టిన ఫ్యాక్టరీల్లో మేనేజర్లయ్యారు. దేవూతో ఒప్పందం ఆ తర్వాత రద్దయింది, దేవూ చివరికి దివాలా తీసింది. బట్టల కోటాలు 2005 జనవరి 1న రద్దయ్యాయి. బంగ్లాదేశ్ కుట్టు మిషన్లు మాత్రం ఆగలేదు.